కొలువు బొమ్మల చిత్రణ

కొలువు బొమ్మల చిత్రణ అనగా బొమ్మల కొలువులో నిలిపే చిన్న బొమ్మలకు రంగులు వేయడం, రంగు వెలిసిన పాత బొమ్మలను తిరిగి తీర్చిదిద్దడం. ఇది కుమ్మరులు, చిత్రకారులు వృత్తిగా చేసే పని మాత్రమే కాదు. దసరాకు ముందు అనేక కుటుంబాలవారు ఇంటివద్ద చేసుకొనే పని కూడా. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో కొలువును ప్రధానంగా శరన్నవరాత్రులలో, అనగా ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుండి పెడతారు. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి కొలువు పెట్టే ఆచారం ఎక్కువ.

ఒక్క బొమ్మకు రంగు వేయడం కష్టమైన పని కాదు. కాని రామరావణ యుద్ధం, కురుక్షేత్రం, మహిషాసురమర్దనం వంటి ఘట్టాలకు పదుల సంఖ్యలో బొమ్మలు కావాలి. ఒకే రకపు వానరులను, రాక్షసులను, కాల్బలాన్ని వరుసగా చిత్రించవలసి రావడంతో ఉత్సాహంగా మొదలైన పని చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. అందువలన ఈ కళలో రంగుల పరిజ్ఞానం ఎంత అవసరమో, మొదలుపెట్టినదాన్ని ముగించే ఓర్పు కూడా అంతే అవసరం. ఈ వ్యాసంలో రెండు విషయాలూ వివరించబడినవి.

ప్రాంతీయ నేపథ్యం

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా పశ్చిమ భాగం ఎత్తైన పీఠభూమి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఈ భాగంలోనివే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. పుంగనూరు పూర్వం ఒక జమీందారీకి కేంద్రం. కుప్పం ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలిసేచోట, బెంగళూరు - జోలార్‌పేట రైలు మార్గంలో ఉన్నది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ స్థాపించబడినది.

మూడు భాషల సరిహద్దు కావడంతో ఈ ప్రాంతపు కొలువులలో మూడు సంప్రదాయాలూ కనిపిస్తాయి. తమిళులు దీనిని గొలు అని, కన్నడిగులు గొంబె హబ్బ అని అంటారు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది ఇలా బేసి సంఖ్యలో మెట్లు కట్టి, పై మెట్లపై దేవతామూర్తులను, క్రింది మెట్లపై పురాణ ఘట్టాలను, పెళ్ళి, అంగడి, పల్లె వంటి లౌకిక దృశ్యాలను అమర్చడం సాధారణం. ఎర్రచందనంతో చేసిన మరపాచి దంపతుల బొమ్మలకు కొలువులో ప్రత్యేక స్థానం ఉన్నది.

మదనపల్లె, పలమనేరు పరిసరాలలో మట్టితో కుండలు, బొమ్మలు చేసి కాల్చే వృత్తి నేటికీ కొనసాగుతున్నది. తమిళనాడులోని కాంచీపురం, పన్రుటి కాగితపు గుజ్జు బొమ్మలకు, మట్టి బొమ్మలకు పేరుపొందినవి. కర్ణాటకలోని చెన్నపట్టణం, కోస్తాలోని కొండపల్లి, ఏటికొప్పాక కొయ్య బొమ్మలకు ప్రసిద్ధి. వేర్వేరు పదార్థాలతో చేసిన ఈ బొమ్మలన్నీ ఒకే కొలువులో ప్రక్కప్రక్కన నిలబడటం కద్దు. కనుక రంగు వేయడానికి ముందు ఏ బొమ్మ దేనితో చేయబడినదో తెలుసుకోవడం మొదటి పని.

బొమ్మల రకాలు

* కాల్చిన మట్టి బొమ్మ: తడిగుడ్డతో తుడిస్తే పాడు కాదు. కాని దానికి నీటిని పీల్చే గుణం ఉన్నందున పూర్తిగా ఆరిన తరువాతనే రంగు వేయాలి.
* పచ్చిమట్టి బొమ్మ: కాల్చకుండా ఎండబెట్టి రంగు వేసినది. నీరు తగిలితే కరుగుతుంది. బొమ్మ అడుగుభాగాన తడివేలితో రుద్ది చూస్తే, వేలికి మట్టి అంటుకొన్నచో అది పచ్చిమట్టి బొమ్మ అని గుర్తించవచ్చు.
* కాగితపు గుజ్జు బొమ్మ: తేలికగా ఉంటుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. పొడి కుంచెతో దుమ్ము దులపాలి.
* ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ: అచ్చులో పోసి చేసినది. అంచులు సులభంగా విరుగుతాయి. రంగును త్వరగా పీల్చుకొంటుంది.
* కొయ్య బొమ్మ: కొండపల్లిలో తెల్లపొణికి అనే తేలికైన కర్రను వాడతారు. విడిగా చెక్కిన భాగాలను రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి, దానిపై రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర వాడుక. అక్కడ కుంచెతో పని ఉండదు. యంత్రంపై తిరుగుతున్న బొమ్మకు లక్క రంగును ఒత్తి పట్టిస్తారు. కనుక ఏటికొప్పాక బొమ్మకు మామూలు రంగు పూయడం దాని సహజమైన మెరుపును పోగొట్టడమే అవుతుంది.

రంగులు, కుంచెలు

పూర్వం సుద్దపొడిని తుమ్మ జిగురుతో కలిపి మొదటి పూతగా పూసి, ఖనిజపు రంగులను, మొక్కల రంగులను దానిపై వేసేవారు. నేడు ఇళ్ళలో వాడేవి ముఖ్యంగా మూడు రకాలు. పోస్టర్ రంగులు చవక, కాని ఆరిన తరువాత కూడా తడి తగిలితే కరుగుతాయి. వీటిపై వార్నిష్ తప్పనిసరి. యాక్రిలిక్ రంగులను నీటితో పలుచన చేయవచ్చు. కొద్ది నిమిషాలలో ఆరుతాయి. ఆరినపిమ్మట నీటికి కరగవు. ఎనామెల్ రంగులకు మెరుపు ఎక్కువ, కాని ఒక్కొక్క పూత ఆరడానికి రాత్రంతా పట్టవచ్చు; కుంచె కడగడానికి టర్పెంటైన్ కావాలి. క్రొత్తగా నేర్చుకొనేవారికి యాక్రిలిక్ రంగులు అనుకూలం.

నాలుగు కుంచెలు చాలును. పెద్ద భాగాలకు 4వ నంబరు, బట్టలకు 2, ఆభరణాలకు 0, కన్నులకు 000. సన్నని గీత రావడానికి కుంచె చిన్నదైతే చాలదు, దాని మొన చెదరకుండా ఉండాలి. వాడిన వెంటనే కడిగి, మొనను వేళ్ళతో కూర్చి, నిలువుగా ఉంచాలి. నీళ్ళ గ్లాసులో కుంచెను తలక్రిందులుగా వదలివేయడం దానిని పాడుచేసే అలవాట్లలో మొదటిది.

చిత్రణ విధానం

1. శుభ్రపరచడం: పొడి కుంచెతో దుమ్ము దులిపి, పెచ్చులుగా లేచిన పాత రంగును నెమ్మదిగా తీయాలి. గట్టిగా పట్టుకొని ఉన్న పాత రంగును తీయనవసరం లేదు.
2. మరమ్మతు: విరిగిన ముక్కలను జిగురుతో అతకాలి. సుద్దపొడిని జిగురుతో ముద్దగా కలిపి పగుళ్ళను పూడ్చి, ఆరిన తరువాత నునుపు చేయాలి.
3. మొదటి పూత: బొమ్మ మొత్తానికి పలుచని తెల్లని పూత వేయాలి. దీనివలన పై రంగు పట్టు నిలుస్తుంది, అసలు వన్నె తేలుతుంది.
4. మూల రంగులు: శరీరము, బట్టలు, కిరీటము, ఆయుధము ఇలా ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క రంగు నింపాలి. మందమైన ఒక పూతకంటే పలుచని రెండు పూతలు మేలు. మందంగా పూసిన రంగు బట్ట మడతలను, ముఖ కవళికలను కప్పివేస్తుంది.
5. నీడ: ముదురు గోధుమ రంగును నీటితో బాగా పలుచన చేసి మడతలలోనికి వదలాలి. అది లోతైన చోట్ల నిలిచి నీడవలె కనిపిస్తుంది.
6. వెలుగు: మూల రంగుకు కొంచెం తెలుపు గాని పసుపు గాని కలిపి, కుంచెకున్న రంగును చాలావరకు గుడ్డకు తుడిచి, ఎత్తుగా ఉన్న అంచులపై మాత్రమే తేలికగా ఆడించాలి. వానరుల రోమాలు, రాక్షసుల జడలు ఈ పద్ధతిలో చక్కగా తేలుతాయి.
7. వివరాలు: ఆభరణాలు, అంచులు, తిలకం.
8. కన్నులు: చివరకు తీర్చాలి. ఆలయ విగ్రహాలకు నేత్రోన్మీలనం చివరి దశలలో చేసే సంప్రదాయం అందరికీ తెలిసినదే. చిన్న బొమ్మల విషయంలో దీనికి ఒక ఆచరణాత్మక కారణం కూడా ఉన్నది. ముందే తీర్చిన కన్నుపై తరువాతి రంగులు చిందితే దానిని సరిదిద్దడం కష్టం.
9. వార్నిష్: పూర్తిగా ఆరిన బొమ్మకు పలుచగా పూయాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వార్నిష్ తెల్లబారే ప్రమాదం ఉన్నది. దసరాకు ముందు నెలలు వర్షాకాలంలోనివే కనుక ఈ పనికి పొడిగా ఉన్న పగటివేళను ఎంచుకోవాలి.

ఇతర దేశాలలో యుద్ధక్రీడల బొమ్మలు

చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేయడం పాశ్చాత్య దేశాలలో ఒక పెద్ద వ్యాపకంగా ఎదిగినది. 1824లో ప్రష్యా సైన్యాధికారుల శిక్షణకు రైస్విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడలో బొమ్మలకు బదులు చిన్న దిమ్మెలను పటముపై కదిపేవారు. ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో సీసపు సైనికుల బొమ్మలతో ఇంట్లో ఆడుకొనే నియమాలను ఇచ్చాడు. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’, 1983లో ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ ప్రచురించిన ‘వార్‌హామర్’ ఆటల తరువాత మాంత్రికులు, మరుగుజ్జులు, డ్రాగన్ల వంటి కల్పిత పాత్రల బొమ్మలు విస్తారంగా ప్రచారంలోకి వచ్చాయి. ఇవి సుమారు 28 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. ఆటగాడే వాటిని అతికి, రంగులు వేసుకోవాలి. ఉత్తమ చిత్రణకు గోల్డెన్ డెమన్ అనే పోటీ 1987లో మొదలైనది.

ఈ ఆటలకు ఒక్కొక్కరికి పదులకొలది బొమ్మలు అవసరం. కొన్న బొమ్మలలో ఎన్నో రంగు పడకుండానే పెట్టెలలో ఉండిపోతాయి. ఆ గుట్టకు ఆటగాళ్ళు తమలో తాము ‘సిగ్గుకుప్ప’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ‘వార్‌హామర్ 40,000’ ఆట 2020 నాటి నియమాలలో మొత్తం 100 పాయింట్లకు గాను 10 పాయింట్లను సైన్యమంతటికీ రంగులు వేసినవారికి కేటాయించారు. 2019లో అదే సంస్థ, ఒకే పూతలో మూల రంగు, నీడ రెండూ వచ్చే రంగులను విడుదల చేసినది. బొమ్మలు పూర్తికాకపోవడం అక్కడ కూడా సాధారణ సమస్యే అని ఈ ఏర్పాట్లను బట్టి తెలుస్తున్నది. కొలువు బొమ్మల చిత్రకారుడు అటకమీది ట్రంకు పెట్టెలో దాచిన సగం రంగు బొమ్మలు కూడా ఈ కోవలోనివే.

పని మధ్యలో ఆగిపోవడానికి కారణాలు

భర్తృహరి సుభాషితాలలో మనుషులను మూడు విధాలుగా విభజించడం తెలుగు విద్యార్థులకు పరిచితమే: ఆటంకాలకు భయపడి మొదలే పెట్టనివారు, మొదలుపెట్టి ఆటంకం రాగానే విడిచేవారు, ఎన్ని ఆటంకాలు వచ్చినా ముగించేవారు. రెండవ తరగతివారిని వాడుకలో ఆరంభశూరులు అంటారు. అయితే బొమ్మల చిత్రణలో పని ఆగిపోవడానికి మనిషి స్వభావం ఒక్కటే కారణం కాదు. పనిని అమర్చుకొన్న తీరులోనే కొన్ని లోపాలు ఉంటాయి.

* తక్కువ అంచనా: పనికి పట్టే కాలాన్ని మనుషులు తక్కువగా ఊహిస్తారని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. 1994లో కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ జరిపిన అధ్యయనంలో విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసం సగటున సుమారు 34 రోజులలో పూర్తవుతుందని చెప్పగా, నిజానికి 55 రోజులకు పైగా పట్టినది.
* విసుగు: ఇరవై మంది వానరులకు ఒకే గోధుమ రంగు పూయడంలో కొత్తదనం ఉండదు.
* మితిమీరిన పరిపూర్ణత: మొదటి బొమ్మను తృప్తి కలిగేవరకు దిద్దుతూ వారాలు గడిపితే తక్కిన బొమ్మలకు సమయం మిగలదు.
* పోలిక: అంగడిలోని నిపుణుని బొమ్మతో తన మొదటి బొమ్మను పోల్చుకొని నిరుత్సాహపడటం.
* సరంజామా: ప్రతిసారీ రంగులు, కుంచెలు తీసి సర్దవలసివస్తే పనికి కూర్చోవడమే బరువుగా తోస్తుంది.
* పందెము, బహుమతి: పిల్లల విషయంలో ఇది ముఖ్యం. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లలలో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందుగా చెప్పారు. తరువాత బహుమతి లేని రోజులలో ఆ పిల్లలు ఇతరులతో పోలిస్తే సుమారు సగం సమయమే గీశారు. ఇష్టంతో చేసే పనికి కూలి కట్టినచో ఇష్టం తగ్గుతుందని దీని సారాంశం.

పూర్తిచేయడానికి మార్గాలు

జట్లుగా విభజించడం. బొమ్మలన్నిటినీ ఒకేసారి బల్లపై పరచరాదు. ఐదు లేక ఆరు బొమ్మలను ఒక జట్టుగా తీసుకొని, ఆ జట్టుకంతటికీ ఒక రంగు పూసి, తరువాత మరొక రంగు పూయాలి. చివరి బొమ్మకు వచ్చేసరికి మొదటిది ఆరి ఉంటుంది కనుక కాలం వృథా కాదు. గమ్యం దగ్గరపడినకొద్దీ వేగం పెరుగుతుందని 1932లో క్లార్క్ హల్ ఎలుకలపై చేసిన ప్రయోగాల ఆధారంగా ప్రతిపాదించాడు. నలభై బొమ్మల పనికి గమ్యం దూరం; ఆరు బొమ్మల పనికి గమ్యం ప్రతివారమూ కనిపిస్తుంది.

వేళ, చోటు నిర్ణయించుకోవడం. ‘తీరిక దొరికినప్పుడు వేస్తాను’ అనడంకంటే ‘రాత్రి భోజనం కాగానే వసారాలోని బల్లవద్ద కూర్చుంటాను’ అని నిర్ణయించుకొన్నవారు పనిని కొనసాగించే అవకాశం ఎక్కువని పీటర్ గాల్విట్జర్ 1999లో వివరించాడు. రంగులను, కుంచెలను ఒకే పళ్ళెంలో సిద్ధంగా ఉంచుకొంటే కూర్చోవడం తేలిక.

సగంలో ఆపడం. ఏ రోజు పనిని ఆ రోజు ఒక దశ ముగింపువరకు తెచ్చి ఆపాలనిపించడం సహజం. కాని తరువాతి రంగు ఏదో తెలిసి ఉన్నచోట ఆపితే మరునాడు అందుకోవడం సులభం. మధ్యలో ఆటంకపరచిన పనిని మనుషులు తమంతట తాము తిరిగి చేపట్టడానికి మొగ్గు చూపుతారని 1928లో మరియా ఒవ్‌సియాంకినా గుర్తించినది. అయితే ఇది కొద్దిపాటి విరామానికి వర్తించేది. నెలల తరబడి పెట్టెలో ఉన్న బొమ్మకు ఇది సాయపడదు.

మార్చి మార్చి చేయడం. ఒక జట్టు కాల్బలం పూర్తికాగానే ఒక ముఖ్యపాత్రను చిత్రించాలి. ఆరుగురు వానరుల తరువాత హనుమంతుడు, మరి ఆరుగురి తరువాత సుగ్రీవుడు అన్న క్రమం పెట్టుకొంటే విసుగు తగ్గుతుంది. ముఖ్యపాత్రలన్నిటినీ మొదటే ముగించినచో మిగిలేది విసుగు కలిగించే పని మాత్రమే.

చూసే దూరాన్ని గుర్తుంచుకోవడం. కొలువును చూడవచ్చిన పేరంటాండ్రు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి చూస్తారు. వెనుక వరుస రాక్షసుని వ్రేళ్ళ గోళ్ళు వారికి కనబడవు. రాముడు, సీత, అమ్మవారు వంటి మూర్తులపై ఎక్కువ శ్రద్ధ, వెనుక వరుసపై తగుమాత్రపు శ్రద్ధ పెట్టడం లోపం కాదు.

పని పంచుకోవడం. తెల్లపూత, మూల రంగులు పిల్లలు వేయగలరు. నీడ, వెలుగు పెద్దలు చూసుకోవచ్చు. చూపు తగ్గిన పెద్దవారు కన్నులు తీర్చే పనిని చిన్నవారికి అప్పగించి, రంగుల ఎంపికను, కథ చెప్పడాన్ని తాము తీసుకొనవచ్చు. ఏ బొమ్మ ఎవరిదో, దాని చేతిలోని ఆయుధం ఎందుకు వచ్చినదో పిల్లలకు తెలిసేది ఈ సందర్భంలోనే.

లెక్క ద్వారా ఒక ఉదాహరణ

ఒక కుటుంబం ఆషాఢ పూర్ణిమనాడు రామరావణ యుద్ధపు బొమ్మలకు రంగులు వేయడం మొదలుపెట్టినదని అనుకుందాం. నాటినుండి మహాలయ అమావాస్య వరకు, అధికమాసం లేని సంవత్సరంలో, సుమారు 74 రోజులు. బొమ్మలు మొత్తం 45: రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు, సుగ్రీవుడు, విభీషణుడు, రావణుడు, కుంభకర్ణుడు, ఇంద్రజిత్తు అనే 8 ముఖ్యపాత్రలు, 22 మంది వానరులు, 15 మంది రాక్షసులు.

ముఖ్యపాత్ర ఒక్కొక్కదానికి శుభ్రపరచడంతో కలిపి 190 నిమిషాలు, సామాన్య సైనికునికి 50 నిమిషాలు పడుతుందని అంచనా వేసినచో, మొత్తం 3,370 నిమిషాలు, అనగా సుమారు 56 గంటలు. రోజుకు ఒక గంట చొప్పున 57 రోజులలో ముగుస్తుంది, ఇంకా 17 రోజులు మిగులుతాయి అనిపిస్తుంది. కాని పైన చెప్పిన విద్యార్థుల అంచనాకు, వాస్తవానికి ఉన్న నిష్పత్తి సుమారు 1.6. ఆ లెక్కన ఈ పనికి 90 గంటలు కావాలి. 74 రోజులు చాలవు. నవరాత్రులనాటికి కొన్ని బొమ్మలు తెల్లపూతతోనే ఉంటాయి.

ఇటువంటప్పుడు రోజూ మరింత సేపు పనిచేస్తామని పూనుకోవడంకంటే ఘట్టాన్ని మార్చడం మేలు. రావణుని పక్షంలోని 18 బొమ్మలను మరుసటి సంవత్సరానికి ఉంచి, ఈ యేడు సేతుబంధనం చూపవచ్చు. దానికి 5 ముఖ్యపాత్రలు, 22 మంది వానరులు చాలును. అంచనా 34 గంటలు, 1.6తో గుణిస్తే సుమారు 55 గంటలు. రోజుకు గంట చొప్పున 55 రోజులలో ముగిసి, ముసురు పట్టిన రోజులకు, జ్వరాలకు, పెళ్ళిళ్ళకు, ప్రయాణాలకు 19 రోజులు మిగులుతాయి. వారధి పూర్తయిన కొలువును చూసినవారికి యుద్ధం లేని లోటు తెలియదు. సగం రంగు పడిన యుద్ధంలో లోటు మాత్రం అందరికీ కనిపిస్తుంది.

గడువు ప్రాముఖ్యత: మట్టి దుర్యోధనుడు

పూర్వపు చిత్తూరు జిల్లాలోని పలు గ్రామాలలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాలవద్ద మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీథినాటకం రోజుల తరబడి నడుస్తాయి. చివరిలో జరిగే దుర్యోధన వధ కొరకు నేలపై మట్టితో దుర్యోధనుని బృహత్ విగ్రహాన్ని పరుండబెట్టినట్లు మలచి, రంగులు వేస్తారు. భీముని వేషధారి దాని తొడపై గదతో కొట్టడంతో ఘట్టం ముగుస్తుంది. అరచేతిలో ఇమిడే కొలువు బొమ్మకు, ఊరంతా చుట్టూ నిలబడి చూసే ఈ విగ్రహానికి పరిమాణంలో పోలిక లేదు. కాని పనివిధానంలో ఒక పోలిక ఉన్నది. దుర్యోధనుని మీసం దిద్దడం పూర్తికాలేదని వధను మరునాటికి వాయిదా వేయరు. గడువు కదలదు కనుక పని ముగుస్తుంది.

కొలువు కూడా అటువంటి గడువే. పాడ్యమి వస్తుంది, పేరంటానికి పిలుపులు వెళ్తాయి. ఈ కారణంగానే, గడువు లేని వ్యాపకంగా బొమ్మలు చిత్రించేవారికంటే పండుగకు చిత్రించేవారికి ఒక సౌలభ్యం ఉన్నది. పండుగతో సంబంధం లేనివారు కూడా ఒక పుట్టినరోజునో, పాఠశాల ప్రదర్శననో గడువుగా పెట్టుకొని, ఆ సంగతిని మరొకరికి ముందే చెప్పి ఉంచడం ఉపయోగకరం.

జాగ్రత్తలు

పాత బొమ్మల రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది. భారతదేశంలో గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదని 2016లో నియమాలు చేయబడి, 2017 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందరి బొమ్మల రంగును పొడిగా ఉప్పు కాగితంతో రుద్దరాదు; ఆ దుమ్ము ముఖ్యంగా చిన్నపిల్లలకు హానికరం. మట్టి, కాగితపు బొమ్మలను తడపడానికి వీలులేదు కనుక లేచిన పెచ్చులను మాత్రం మెత్తని కుంచెతో కాగితంపైకి దులిపి, పొట్లం కట్టి పారవేయాలి. పిల్లలను ఆ సమయంలో దూరంగా ఉంచాలి. కుంచె మొనను నోటితో తడిపి సన్నం చేసే అలవాటు మానుకోవాలి. ఎనామెల్, వార్నిష్ పనులను గాలి వచ్చేచోట, పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి.

తరాలనాటి బొమ్మల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాత రంగు పూర్తిగా పోయి, కొత్త రంగు పడిన తరువాత మునుపటి చిత్రకారుని చేతిపనిని తిరిగి పొందలేము. రంగు కొద్దిగా వెలిసినంతమాత్రాన తిరిగి పూయనవసరం లేదు. పని మొదలుపెట్టడానికి ముందు బొమ్మకు నాలుగు ప్రక్కలనుండి ఛాయాచిత్రాలు తీసి ఉంచాలి. మరపాచి బొమ్మలకు, లక్క బొమ్మలకు రంగు వేయరాదు.

భద్రపరచడం

కొలువు ఎత్తిన తరువాత ఒక్కొక్క బొమ్మను మెత్తని నూలుగుడ్డలో గాని కాగితంలో గాని చుట్టి, బరువైనవి అడుగున, తేలికైనవి పైన ఉండేటట్లు పెట్టెలో సర్దాలి. వార్నిష్ పూర్తిగా ఆరని బొమ్మను చుడితే కాగితం అంటుకొంటుంది. పూర్తికాని బొమ్మలను విడిగా ఒక పెట్టెలో ఉంచి, ఏ రంగు ఎక్కడివరకు పడినదో, ఏ రంగులు కలిపి ఆ వన్నె వచ్చినదో ఒక చీటీపై వ్రాసి ఆ పెట్టెలోనే పెట్టాలి. మరుసటి ఆషాఢంలో ఆ పెట్టె తెరిచేవారు వేరొకరు కావచ్చు. చీటీ ఉన్నచో వారు పనిని ఆగినచోటినుండే అందుకొనగలరు.

ఇవి కూడా చూడండి

* బొమ్మల కొలువు
* కొండపల్లి బొమ్మలు
* ఏటికొప్పాక బొమ్మలు
* నిర్మల్ బొమ్మలు
* వీథినాటకం
* మదనపల్లె
* పుంగనూరు
* కుప్పం